మొదటి పైసా పాదానికే

(నాగిరెడ్డిపేట మండలంలో పోలీసు, సైన్యం కొలువుల కోసం ఉరుకుడు మొదలుపెట్టిన దళితవాడల యువతీ యువకుల ముందు ఒక ఉపాధ్యాయుడు సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



బడిపంతులు మైకు పట్టుకుంటే చదువు గురించి చెప్తడని అనుకుంటరు. ఈ పూట మేము చదువు గురించి చెప్పడం లేదు. బూట్ల గురించి, బూట్లకు పెట్టే పైసల గురించి చెప్తున్నం. ఊర్ల మీద దాడులు, భూమి, కూలి, రిజర్వేషన్లు, ఇన్ని సమస్యలుండగా బూట్ల ముచ్చటేందని కొందరికి నవ్వొస్తది. నవ్వండి. నవ్విన తర్వాత ఒక్కసారి వాడ మొగదల ఉన్న బాబాసాహెబ్ విగ్రహం దిక్కు చూడండి. చేతిల పుస్తకం చూసినం. లేపిన వేలు చూసినం. కాళ్ల దిక్కు ఎప్పుడన్నా చూసినమా? కాళ్లకు బూట్లున్నయి. మట్టి తొక్కిన ఆ కాళ్లకు బూట్లు ఊరికె రాలేదు. 1927 డిసెంబరులో మహాడ్‌లో ఆయన మన ఆడవాళ్లతోటి మాట్లాడి, అంటరానివాళ్లని గుర్తుపట్టేటట్టు చేసే కట్టూబొట్టూ వదిలెయ్యమని, అందరి లెక్కనే చీర కట్టమని చెప్పిండు. ఒంటి మీద ఏమున్నది, కాలికి ఏమున్నది అనేది మన దేశంలో ఎన్నడూ చిన్న ముచ్చట కాదు. అది కులం ముచ్చట.

మా తాత చెప్పులు కుట్టేటోడు. తంగేడు చెక్కతో తోలు ఊనేటోడు. ఆరె, రంపె ఆయన చేతిల ఆడుతుండె. పటేలుకు కిర్రు చెప్పులు కుట్టి ఇచ్చిండు, బాయికి మోట బొక్కెన కుట్టి ఇచ్చిండు. కుట్టిన తాత మాత్రం ఉత్త కాళ్లతో బతికిండు. ఎప్పుడన్నా తన కోసం ఒక జత కుట్టుకున్నా, పెద్ద మనుషుల ఇండ్ల ముందుకు వచ్చేసరికి చెప్పులు కాళ్ల నుంచి చేతులకు ఎక్కేవి, చేతుల నుంచి చంకలకు పోయేవి. తెలంగాణల గడీల ముందు ఇది తాతలందరి కథ. ఊరందరి పాదాలు కాపాడిన కులానికి తన పాదం కాపాడుకునే హక్కు లేకుండె. మేము కూడా ఏడో తరగతి దాకా చెప్పుల్లేకుండనే బడికి పోయినం. మా ఇంట్ల డిగ్రీ చదివిన మొదటి తరం మాది. కొలువుకు కట్టుకొని పోవాల్సిన తోలు బూట్లకు సైజు చూసి కొనాలన్న సంగతి గూడ మాకు చెప్పిన పెద్దలెవ్వరు లేరు.

ఇక ఉరుకుడు సంగతి. మనకు ఉరుకుడు కొత్తదా? కాదు. దొర మనిషి పిలిస్తే ఉరికినం. పశువుల వెంట ఉరికినం. దాడులైనప్పుడు పానం కాపాడుకోవడానికి ఉరికినం. 1991 ఆగస్టు 6న చుండూరులో మనవాళ్లు పొలాల వెంట ఉరికితే, వెంటాడి చంపిన్రు. ఆ ఉరుకుడంతా మన ఇష్టంతో ఉరికింది కాదు. ఈ రోజు మీరు పొద్దుగాల నాలుగున్నరకు లేచి పోచారం కాలువ గట్టు మీద ఉరుకుతున్నరు చూడండి, ఇది వేరే ఉరుకుడు. ఎవ్వరూ తరుముతలేరు. ఒక కొలువు కోసం, ఒంటి మీద ఖాకీ కోసం, స్టేషన్‌కు పోయిన మన మనిషిని కుర్చీల కూసోమనే రోజు కోసం ఉరుకుతున్నరు. అందుకే ఈ ఉరుకుడు మీద పెట్టే ప్రతి పైసా గురించి సంఘం మాట్లాడాలె.

ఎందుకు మాట్లాడాల్సి వచ్చిందో దాచకుండ చెప్తం.

మన వాడ పిల్లగాడొకడు కానిస్టేబుల్ కొలువుకు తయారైతనని మా దగ్గరికొచ్చి, "సార్, ఏం కొనాలె?" అని అడిగిండు. మేము ఏదో తొందరల ఉండి, "మంచివి కొనుక్కో బిడ్డా" అని ఒక్క మాట చెప్పి పంపినం. వాడు మంచివి అంటే పిరమైనవి అనుకున్నడు. బూట్లకు 6,500. ట్రాక్‌సూటుకు 2,200. అడుగులు లెక్కబెట్టే చేతి గడియారానికి 3,000. కండలు పెరుగుతయని పౌడరు డబ్బాకు 2,800. మొత్తం 14,500 రూపాయలు. నూటికి నెలకు మూడు రూపాయల మిత్తికి తెచ్చిండు. అంటే నెలకు 435 రూపాయల మిత్తి. 1600 మీటర్లు ఉరకడానికి బోర్డు ఇచ్చిన గడువు గూడ 435 సెకన్లే. ఆ లెక్క వేసుకున్న నాడు మాకు బువ్వ దిగలేదు.

తర్వాత ఏమైంది? బూటు అర సైజు చిన్నది. కొత్తల గట్టిగ ఉన్నా, తొడుగంగ తొడుగంగ సదురుకుంటదని దుకాణంల చెప్పిన్రంట. నెల తిరగకముందే రెండు బొటన వేళ్ల గోర్లు నల్లబడ్డయి. పైసలు పెట్టినం గద, ఆగొద్దని రోజు విడవకుండ ఉరికిండు. ముంగాలి ఎముక వెంబడి నొప్పి లేచింది. రెండు నెలలు మంచం పాలు. పరీక్ష నాడు 11 సెకన్లు ఆలస్యమైండు. ఇప్పుడు ఆ మిత్తి ఎవరు కడుతున్నరు? వాళ్లమ్మ, బీడీలు చుట్టి. ఆ తప్పుల మా పాలు ఉన్నది. పాఠం అడిగిన పిల్లగానికి పాఠం చెప్పకుండ పంపినం. ఆ పాఠమే ఈ రోజు చెప్తున్నం.

ముందు మన ముందున్న పని ఎంతదో చూద్దాం. తెలంగాణ పోలీసు నియామక మండలి 2022 నోటిఫికేషన్‌ల మగపిల్లలకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లల ఉరకాలన్నది. ఆడపిల్లలకు 800 మీటర్లు, 5 నిమిషాల 20 సెకన్లు. దాని తర్వాత లాంగ్‌జంప్ మగవాళ్లకు 4 మీటర్లు, ఆడవాళ్లకు రెండున్నర మీటర్లు. గుండు విసిరేది మగవాళ్లకు 7.26 కిలోలది 6 మీటర్లు, ఆడవాళ్లకు 4 కిలోలది 4 మీటర్లు. నోటిఫికేషన్‌కు నోటిఫికేషన్‌కు ఇవి మారుతుంటయి. వచ్చిన ప్రతిసారి అసలు కాగితం చదువుకోవాలె. వాట్సాప్‌ల ఎవరో పంపింది కాదు.

ఇప్పుడు లెక్క చెయ్యండి. 400 మీటర్ల మైదానం అయితే 1600 అంటే నాలుగు సుట్లు. ఒక సుట్టుకు 1 నిమిషం 48 సెకన్లు. ఆడపిల్లలకు రెండు సుట్లు, సుట్టుకు 2 నిమిషాల 40 సెకన్లు. ఇది కోటీశ్వరుల సామాను అడిగే పని కాదు. ఆరు నెలలు క్రమంగ ఉరికితే వచ్చే పని. కాని ఆ ఆరు నెలలు కాలు చెడిపోకుండ ఉండాలె. కొత్తగ ఉరికేటోడు ఓడిపోయేది ఎక్కువ సార్లు ఊపిరి చాలక కాదు, కాలు చెడి మధ్యల ఆగిపోయి. అందుకే మా మాట ఒక్కటే: మొదటి పైసా పాదానికే పెట్టాలె. మిగిలిన పైస కడుపుకు. ఇంకా మిగిలితేనే వేరే ముచ్చట.

పాదానికి ఎందుకు? నడిచేటప్పుడు ఒక కాలు ఎప్పుడూ నేల మీద ఉంటది. ఉరికేటప్పుడు రెండు కాళ్లూ గాలిల లేచి, మనిషి బరువంతా ఒక్క కాలి మీద పడ్తది. అట్ల పడ్డప్పుడు నేల నుంచి కాలికి తగిలే దెబ్బ మనిషి బరువుకు రెండు మూడు రెట్లు ఉంటది. 60 కిలోల పిల్లగానికి 120 నుంచి 180 కిలోలు. ఒక్క 1600 మీటర్లల అది వెయ్యికి పైన సార్లు. బస్తాలు మోసిన మనకు బరువంటే ఏందో ఒకరు చెప్పనవసరం లేదు.

"సార్, మన తాతలు ఉత్త కాళ్లతోటే ఉరికిన్రు గద" అని ఒక తమ్ముడు అడిగిండు. మంచి ప్రశ్న. ఇథియోపియా దేశస్థుడు అబెబె బికిల 1960ల రోమ్ ఒలింపిక్స్‌ల 42 కిలోమీటర్ల మారథాన్ ఉత్త కాళ్లతో ఉరికి బంగారు పతకం గెలిచిండు. ప్రపంచ రికార్డు పెట్టిండు. గొర్రెలు కాసుకునే ఇంట పుట్టినవాడు, రాజుగారి కాపలా దళంల సిపాయి. అందరూ ఆ కథ ఇంతవరకే చెప్తరు. మిగిలిన సగం వినండి. ఆయనకు దొరికిన బూట్లు కాలికి సరిపోలేదు, అందుకే వాటిని పక్కకు పెట్టిండు. చిన్నప్పటి నుంచి ఉత్త కాళ్లతో కొండల మీద ఉరికిన అరికాలు అది. మళ్ల 1964ల టోక్యోల ఆయనే మేజోళ్లు, బూట్లు తొడుక్కొని ఉరికి మళ్ల బంగారం తెచ్చిండు, మళ్ల రికార్డు కొట్టిండు. ఆయన కథల మనకు రెండు పాఠాలు. సరిపోని బూటు కంటే ఉత్త కాలు నయం. సరిపోయే బూటు దొరికితే ఉత్త కాళ్లతో ఉరకాల్సిన పని లేదు. చెప్పుల్లేని బతుకును గొప్పగ చెప్పుకునే మురిపెం మనకొద్దు. అది మనం కోరుకున్న బతుకు కాదు. పల్లేరు ముండ్లు, సీసపెంకలు, వరిమొద్దులు ఉన్న గట్ల మీద ఉత్త కాళ్లతో ఉరికితే ఒక్క ముల్లు పది రోజులు తింటది.

బూటు ఎట్ల కొనాలె? వినండి, రాసుకునేటోళ్లు రాసుకోండి.

ఒకటి. పొద్దుమీకి కొనండి. దినమంతా తిరిగితే పాదం కొంచెం ఉబ్బుతది. పొద్దుగాల సరిపోయిన బూటు సాయంత్రం కరుస్తది. ఉరికినప్పుడు గూడ అట్లనే ఉబ్బుతది.

రెండు. ఉరికేటప్పుడు వేసుకునే మేజోళ్లు వెంట తీసుకపొండి. రెండు బూట్లు తొడుక్కొని లేచి నిలబడండి. కూసొని చూస్తే కాదు. అందరికంటే పొడుగున్న వేలి ముందర బొటనవేలు అడ్డం పట్టేంత జాగ ఉండాలె. కొందరికి రెండో వేలు పొడుగు ఉంటది, దానిని చూసుకోవాలె. రెండు పాదాలు ఒక్క తీరు ఉండవు, పెద్ద పాదానికి సరిపోయేది కొనాలె.

మూడు. వేళ్ల దగ్గర వెడల్పు చూసుకోండి. చిన్ననాటి నుంచి ఉత్త కాళ్లతో తిరిగిన మన పాదాలు వేళ్ల దగ్గర వెడల్పుగ ఉంటయి. సన్న మూతి బూటు ఎంత అందంగ ఉన్నా మనది కాదు. మడమ మాత్రం లోపట జారొద్దు.

నాలుగు. బూటును రెండు చేతుల పట్టుకొని వంచండి. వేళ్లు వంగే చోట వంగాలె. సరిగ్గ నడుమ మడత పడితే పక్కకు పెట్టండి. మడమ వెనుక పట్టీ గట్టిగ ఉండాలె. అడుగున మెత్తటి ఫోము ఉండాలె. వేలితో ఒత్తితే కొద్దిగ లోపటికి పోయి మళ్ల లేవాలె. బడి పీటీ బూట్లు, కాన్వాసు బూట్లు పలుచటి అడుగువి, రోజూ ఉరకడానికి పనికిరావు. ఫుట్‌బాల్ ముండ్ల బూట్లు, క్రికెట్ బూట్లు వేరే ఆటలవి.

ఐదు. దుకాణంలనే నాలుగడుగులు ఉరికి చూడండి. "వద్దు, ఖరాబైతది" అంటే ఆ దుకాణమే వద్దు. మన పైసలు పెట్టి కొంటున్నం, దొర పాతవి ఇస్తే తీసుకుంటలేం. తొడుక్కొని చూసే హక్కు మనది. తొడగంగ తొడగంగ సదురుకుంటది అనే మాట నమ్మకండి. ఉరికే బూటు మొదటి నాడే సుఖంగ ఉండాలె.

ఆరు. ధర. మేము కామారెడ్డిల, మెదక్‌ల, హైదరాబాదుల తిరిగి చూసినం. కొత్తగ ఉరికేటోళ్లకు పనికొచ్చే బూట్లు వెయ్యి నుంచి రెండు వేల లోపట దొరుకుతున్నయి. అంతకంటే ఎక్కువ పెట్టేది పేరుకు, రంగుకు, బరువుల నాలుగు తులాల తేడాకు. మొదటి ఆరు నెలలు ఆ తేడా మనకు అక్కర లేదు. పాదం ఒంపు ఎట్లుంటె అట్లాంటి ప్రత్యేక బూటు కావాలని కొందరు చెప్పి ఎక్కువ ధరవి అంటగడతరు. అమెరికా సైన్యంల కొత్తగ చేరినవాళ్ల మీద ఇదే పరీక్ష చేసి చూసిన్రు. పాదం ఒంపును బట్టి బూటు ఇచ్చినా, అందరికీ ఒక్క తీరు బూటు ఇచ్చినా, దెబ్బలు తగిలిన లెక్కల పెద్ద తేడా రాలేదు. మీ కాలుకు ఏది సుఖమో అదే మీ బూటు.

ఏడు. అంగట్ల పెద్ద కంపెనీ పేరేసి నాలుగు వందలకు అమ్మే నకలు బూట్లు కొనకండి. పైన పేరు ఉంటది, అడుగున అట్ట ఉంటది. పేరు లేని నిజం బూటు, పేరున్న నకలు బూటు కంటే నయం.

మన దిక్కు ఇంకో సంగతి ఉన్నది. మన ఇండ్లల్ల అన్ననో, బావనో దుబాయిల, మస్కట్‌ల ఉంటడు. తమ్ముడు ఉరుకుతున్నడని తెలిసి, ఎండల కష్టపడ్డ పైసలతో బూట్లు కొని పంపుతడు. ఆ ప్రేమకు దండం పెట్టాలె. కాని ఒక బ్రాండుల ఎనిమిది సైజు, ఇంకో బ్రాండుల ఎనిమిది సైజు ఒక్కటి కాదు. దేశానికో తీరు సైజు అంకెలుంటయి. పాదాన్ని కాగితం మీద నిలబెట్టి పెన్సిలుతో గీత గీసి, మడమ నుంచి వేలి కొస దాకా సెంటీమీటర్లల కొలిచి అన్నకు పంపండి. లేదంటే, "అన్నా, బూట్లు ఇక్కడనే కొనుక్కుంట, ఆ పైసలు పంపు" అని చెప్పండి. చెప్పడానికి సిగ్గుపడకండి.

ఒక జత బూటు సుమారు 500 నుంచి 800 కిలోమీటర్ల దాకా పనిచేస్తది. వారానికి 25 కిలోమీటర్లు ఉరికేటోనికి ఆరు నెలలైతది. అంటే ఒక నోటిఫికేషన్‌కు ఒక జత. ఆ బూట్లు పొలానికి, పెండ్లికి, బస్టాండుకు తొడగకండి. తడిస్తే లోపట పాత పేపర్లు కుక్కి నీడకు ఆరబెట్టండి. పొయ్యి దగ్గర పెడితే ఫోము చెడిపోతది. పరీక్ష నాడు కొత్త బూట్లు తొడగడమంటే పెండ్లినాడు పిల్లను మార్చినట్టు. కనీసం రెండు మూడు వారాలు ఉరికిన జతతోనే పోవాలె.

మేజోళ్లు రెండు జతలు చాలు. ఉత్త నూలువి చెమటకు తడిసి ముద్దై రాసుకొని బొబ్బలు తెస్తయి. నైలాను కలిసినవి పలుచటివి నయం. తొడలు, చంకలు రాసుకునేచోట కొబ్బరి నూనె రాసుకోండి. దానికి వేరే మందు కొనాల్సిన పని లేదు.

ఇక చెల్లెండ్ల ముచ్చట. ఇది చెప్పడానికి మా అసొంటి మగ పంతుళ్లు ఇన్నేండ్లు సిగ్గుపడ్డరు. ఆ సిగ్గు ఖరీదు ఆడపిల్లలు కట్టిన్రు. మన వాడ పిల్ల ఒకామె 800 మీటర్లకు తయారవుతూ నెల రోజులకే మానేసింది. చదువుల ముందుండే పిల్ల. ఎందుకు మానేసినవమ్మా అంటే తల దించుకున్నది. తర్వాత ఒక అంగన్‌వాడీ అక్క మాట్లాడితే బయటపడ్డది. ఉరికేటప్పుడు ఎద నొప్పి, దాని మీద రోడ్డు వెంట పోయేటోళ్ల కూతలు. రెండు బనియన్లు బిగించి, చున్నీ పిన్నులు పెట్టి ఉరికింది. ఊపిరి ఆడక ఆగిపోయింది. ఆ పిల్లకు కావాల్సింది ధైర్యం కాదు, ధైర్యం ఆమెకు మనకంటే ఎక్కువ ఉన్నది. కావాల్సింది ఉరకడానికి కుట్టిన గట్టి లోపటి బ్రా. స్పోర్ట్స్ బ్రా అంటరు. అది సోకు సామాను కాదు. మగపిల్లలకు మొదటి సామాను బూటు ఒక్కటే. ఆడపిల్లలకు మొదటి సామాను రెండు: బూటు, బ్రా. ఛాతీ చుట్టు కొలత ప్రకారం కొనాలె. రెండు చేతులు పైకి లేపితే కింది పట్టీ పైకి జరగొద్దు. లోతు ఊపిరి పీలిస్తే పట్టెయ్యొద్దు. రెండు కొంటే మార్చి మార్చి ఉతుక్కోవచ్చు. ఇంట్ల అవ్వలు, అక్కలు ఈ లెక్కను బీరువా సామాను లెక్క పక్కకు పెట్టకండి. చున్నీ ఉరకడానికి కాదు. వదులు టీషర్టు, ట్రాక్ ప్యాంటు చాలు, అన్నదైనా చాలు. నెలసరి రోజుల్ల ఉరకాలనిపిస్తే ఉరకొచ్చు, నొప్పి ఉంటే ఆగొచ్చు. ఎవ్వరు గూడ ఒంటరిగ చీకట్ల పోవద్దు. నలుగురు కలిసి పొండి. ఒక అవ్వనో, అన్ననో గట్టు మీద కూసోబెట్టండి. కూతలు కూసేటోన్ని పట్టుకునే పని ఆడపిల్లలది కాదు, సంఘానిది.

కొనొద్దనే సామాను చెప్తం. అడుగుల గడియారం వద్దు. చేతిల ఫోనుల స్టాప్‌వాచ్ ఉన్నది. లేకుంటే దోస్తు చేతిల గడియారం ఉన్నది. దూరం కొలవడానికి 50 మీటర్ల తాడు తీసుకొని 32 సార్లు కొలిస్తే 1600 మీటర్లు, 16 సార్లు కొలిస్తే 800. సున్నం గీత పెట్టుకుంటే మైదానం తయారైనట్టే. పిక్కల పట్టీలు వద్దు. పౌడరు డబ్బాలు వద్దు. అందులో ఉండే మాంసకృత్తులు గుడ్డుల ఉన్నయి, పల్లీలల్ల ఉన్నయి, పెసర్లల్ల, శనిగలల్ల ఉన్నయి, మన ఇంటి పెద్దకూరల ఉన్నయి. 2,800 రూపాయల డబ్బాకు బదులు రోజుకు రెండు గుడ్లు నెలల తరబడి తినొచ్చు. ఎవడన్నా "సూది వేస్తే ఉరుకుడు వస్తది, గోలీ వేస్తే దమ్ము వస్తది" అంటే వాని దిక్కు పోకండి. గుండెతో ఆట అది.

ఎండ గురించి గూడ యాది పెట్టుకోండి. 2024ల జార్ఖండ్ రాష్ట్రంల ఎక్సైజ్ కానిస్టేబుల్ కొలువులకు గంటల పది కిలోమీటర్లు ఉరకమన్నరు. ఆ పరీక్షలల్ల పది మందికి పైగ పిల్లలు చనిపోయిన్రు. కొలువు కోసం పోయిన పిల్లలు శవాలై ఇండ్లకు వచ్చిన్రు. మన పిల్లలు అట్ల కావొద్దు. పొద్దు పొడవకముందే ఉరకండి. కండ్లు తిరిగితే, వాంతి వచ్చినట్టైతే, చెమట ఆగిపోతే వెంటనే ఆగి నీడకు పొండి, ఒంటి మీద నీళ్లు పోయించుకోండి, దవాఖానకు పొండి. ఎక్కువ చెమట పోసిన నాడు లీటరు నీళ్లల్ల ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చిన్న చెంచా ఉప్పు కలుపుకొని తాగండి. రంగు సీసాలు కొనాల్సిన పని లేదు. జ్వరం ఉన్న నాడు ఉరకకండి. గుండె జబ్బు ఉన్న ఇంటి పిల్లలు ముందుగాల డాక్టరును కలవండి.

పైస అక్కర లేనిది ఇంకొకటి ఉన్నది, విశ్రాంతి. మొదటి నెల రెండు నిమిషాలు ఉరుకు, రెండు నిమిషాలు నడువు. వారంల మూడు నాలుగు రోజులే. పోయిన వారం కంటే ఈ వారం కొద్దిగనే పెంచు. సిమెంటు రోడ్డు కంటే మట్టి గట్టు నయం. కైకిలికి పోయి నాట్లేసి వచ్చిన నాడు అదే వ్యాయామం, ఆ సాయంత్రం ఉరకకుంటే ఏం కాదు. పట్నం పిల్లలకు రాసిన పట్టికలల్ల మన కైకిలి లెక్కల లేదు. మన పట్టిక మనం రాసుకోవాలె.

"ఇన్ని చెప్పిన్రు, ఆ రెండు వేలు గూడ లేనోళ్లు ఏం చెయ్యాలె?" అసలు ముచ్చట ఇది. ఒక్కొక్కరం ఒంటరిగ పోతేనే మిత్తి షావుకారు దొరుకుతడు. ఇరవై ఇండ్లు కలిసి ఇంటికి నెలకు వంద వేస్తే రెండు వేలు. నెలకు ఒక జత బూట్లు. పది నెలలల్ల పది మంది పిల్లలు. ఎవరికి ముందు అనేది అవసరాన్ని బట్టి సంఘం కూసొని తేల్చాలె. ఆడపిల్లలతో మొదలుపెట్టాలని మా మాట. సైజు సరిపోక పక్కకు పడ్డ బూట్లుంటే సంఘానికి ఇయ్యండి, సరిపోయే కాలు దొరుకుతది. అరిగిపోయినవి మాత్రం ఇంకో పిల్లగానికి ఉరకమని ఇయ్యకండి. మనకు పాతవి ఇచ్చేటోళ్లను చూసినం, మనమే మన పిల్లలకు అట్ల చెయ్యొద్దు. మన తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకులంల చదివిన మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా దళిత బిడ్డ ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన్రు. మంచు కొండ ఎక్కే బూట్లు వాళ్ల నాయినలు కొనిచ్చిన్రా? గురుకులాల సొసైటీ తరబీదు ఇప్పించింది, సామాను ఇప్పించింది. వరంగల్ జిల్లా కల్లెడ కూలి ఇంటి బిడ్డ జీవంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్‌ల 400 మీటర్ల ఉరుకుల కంచు పతకం తెచ్చింది. ఆమె వెనుక గూడ చెయ్యి పట్టి నడిపిన కోచ్ ఉన్నడు. కాళ్లు మన పిల్లలకు ఎప్పుడూ ఉన్నయి. లేకుండె ఆ ఆసరానే.

ఆ ఆసరా ఎవరి దయ కాదు. ఎస్సీ, ఎస్టీల జనాభా లెక్క ప్రకారం బడ్జెట్ల వాటా ఖర్చు పెట్టాలని ఉమ్మడి రాష్ట్రంల 2013ల ఉపప్రణాళిక చట్టం వచ్చింది. తెలంగాణల 2017ల ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం వచ్చింది. ఆ నిధిల మన మండల పిల్లల ఉరుకుడుకు ఒక మైదానం, ఒక కోచ్, జతకు జత బూట్లు ఎందుకు ఉండొద్దు? 2022ల ఊరూర క్రీడా ప్రాంగణాలన్నరు. మీ ఊర్ల అది ఏ దిక్కు ఉన్నది, వాడ పిల్లలు అందులకు పోతున్నరా, ఆడపిల్లలు పోతున్నరా చూసి రాసుకొని రండి. ఆ కాగితాలతో మనం గోపాల్‌పేట్ మండలాఫీసుకు కలిసి పోదాం. బూట్ల చిట్టి నడుపుతనే హక్కు అడుగుదాం. ఒకటి చేస్తున్నమని ఇంకొకటి మానొద్దు.

ముగించే ముందు వరుస మళ్లొకసారి చెప్తం. మొదలు సరిపోయే బూటు, ఆడపిల్లలకు దాంతోపాటు బ్రా. తర్వాత రెండు జతల మేజోళ్లు. తర్వాత గుడ్డు, పల్లి, పప్పు. మిగిలినవన్నీ కొలువు వచ్చినంక మొదటి జీతంతో కొనుక్కోండి, మాకు చూపియ్యండి, మేమే ముందు మురుస్తం. మిత్తికి తెచ్చి మాత్రం ఒక్క దారం గూడ కొనకండి. అమ్మ బీడీ పైసలతో కట్టే మిత్తి మీ కాలికి బేడీ అయితది.

11 సెకన్లు ఆలస్యమైన ఆ తమ్ముడు ఈ సభల వెనుక వరుసల కూసున్నడు. పేరు చెప్పం. పోయిన నెల నుంచి మళ్ల ఉరుకుతున్నడు. ఈసారి కాగితం మీద పాదం గీసి, కొలిచి, 1,400 రూపాయల బూట్లు కొన్నం. సంఘం చిట్టిల మొదటి జత అది. ఆ బూట్లు తొడుక్కొని వాడు పటేండ్ల ఇండ్ల ముందు నుంచే కాలువ గట్టుకు ఉరుకుతడు. మా తాత చెప్పులు చంకల పెట్టుకొని నడిచిన తొవ్వ అదే. ఎవ్వరూ ఏమనలేదు. అన్నా వాడు ఆగడు, వాని దగ్గర గడియారం నడుస్తున్నది.

జై భీమ్.